ఎవరూ లేనివారికి తిలోదకం

భాద్రపద బహుళ పాడ్యమి మొదలు అమావాస్య వరకు గల దినాలు మహాలయ పక్షం. ఈ పక్షంలో విజయవాడ దుర్గాఘాటు, పద్మావతీఘాటు, కృష్ణవేణీఘాటు తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాటేవరకు జనంతో నిండి ఉంటాయి. ఒక చేతిలో నువ్వులు, దర్భలు. రెండవ చేతిలో పెద్దల పేర్లు రాసుకున్న కాగితం. సంవత్సరమంతా అమ్మవారి దర్శనానికి కొండ ఎక్కే జనమే ఈ పదిహేను రోజులు పితరుల కోసం నీటి మెట్లు దిగుతారు.

మెట్ల మీద కూర్చుని కర్మ చేయించే పురోహితులను యాత్రికులు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఇక్కడ ఇచ్చినది అక్కడికి ఎలా చేరుతుంది? ఏ తిథినాడు పోయారో తెలియని వారికి ఎప్పుడు పెట్టాలి? మూడవది అందరూ అడగరు. అడిగేవారు కూడా గొంతు తగ్గించి అడుగుతారు: కొడుకులు లేనివారికి, వంశమే మిగలని వారికి నీళ్ళు వదిలేది ఎవరు? మొదటి రెండింటికి సమాధానం చెప్పుకుంటూ మూడవ ప్రశ్న దగ్గరకు రావడం ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రాద్ధం అంటే

శ్రద్ధతో ఇచ్చేది శ్రాద్ధం. ఆ పేరులో ధనం లేదు, ఆడంబరం లేదు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి ఉంటాడని వేదం భావించినది. యజ్ఞంతో దేవఋణం, అధ్యయనంతో ఋషిఋణం, సంతానంతోను, శ్రాద్ధ తర్పణాలతోను పితృఋణం తీరుతాయి. మనకు శరీరం, ఇల్లు, భాష, నడవడి ఇచ్చి వెళ్ళినవారిని మరచిపోకుండా ఉండడమే ఈ మూడవ ఋణం తీర్చడంలోని సారం.

మరణించినవాడు వెంటనే పితృదేవత కాడు. పది రోజుల నిత్యవిధి, ఏకాదశాహం, పన్నెండవనాటి సపిండీకరణం జరిగిన తరువాత ప్రేతరూపం విడిచి పితరులలో చేరుతాడు. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. సపిండీకరణంలో కొత్తగా పోయినవారి పిండాన్ని ముందరి మూడు తరాల పిండాలతో కలుపుతారు. ఆ దృశ్యాన్ని శ్రద్ధగా చూసినవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ఒంటరిగా వెళ్ళినవానిని తీసుకుపోయి తనవాళ్ళ మధ్య కూర్చోబెట్టడమే ఆ కర్మ.

ఇక్కడ ఇచ్చినది అక్కడికి ఎలా చేరుతుంది?

జీవుడు తన కర్మను బట్టి మరొక జన్మ ఎత్తుతాడు గదా, ఇంకా పితృలోకంలో ఉన్నాడని పిండం పెట్టడం ఎందుకు అని చదువుకున్న యువకులు అడుగుతారు. మంచి ప్రశ్న. ఉపనిషత్తులు దేవయానం, పితృయానం అనే రెండు మార్గాలను చెప్పినవి. పితృయానంలో వెళ్ళినవారు పుణ్యం అనుభవించి తిరిగి ఈ లోకానికి వస్తారు. పురాణాలు ఈ సందేహాన్ని ముందే ఊహించి సమాధానం చెప్పినవి. పేరు, గోత్రం, మంత్రం ఈ మూడూ కలిసి హవిస్సును తీసుకువెళతాయి. పితరుడు దేవతాజన్మలో ఉంటే అది అమృతమవుతుంది, పశుజన్మలో ఉంటే గడ్డి అవుతుంది, మనుష్యుడై పుట్టి ఉంటే అన్నం అవుతుంది. ఎవరికి ఏది తగునో ఆ రూపంలో అందుతుంది.

మన ప్రాంతం వారికి దీనిని పోల్చుకోవడం కష్టం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర లాకులెత్తి వదిలిన నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ వెంట పోతుంది. అదే నీరు ఒకచోట వరి అవుతుంది, ఉయ్యూరు వైపు చెరకు అవుతుంది, కైకలూరు వైపు చేపల చెరువులో చేరుతుంది. లాకు ఎత్తినవాడు చివరి పొలం రైతును ఎన్నడూ చూడడు. అయినా నీరు చేరడం మానదు. ఉపమానం ప్రమాణం కాదు. ప్రమాణం శాస్త్రమే. మనసుకు పట్టడానికి మాత్రమే ఈ పోలిక చెప్పినాను.

తిథి తెలియనప్పుడు

ప్రతి సంవత్సరం మరణతిథి నాడు పెట్టేది ఆబ్దికం. దానినే మన ఇళ్ళలో తద్దినం అంటాము. తిథి తెలియక మాసం మాత్రమే తెలిస్తే ఆ మాసపు అమావాస్యనాడు పెట్టవచ్చును. మహాలయ పక్షంలో ఎవరు పోయిన తిథినాడు వారికి పెట్టడం పద్ధతి. సుమంగళిగా పోయిన స్త్రీకి నవమి, సన్న్యాసికి ద్వాదశి, శస్త్రంచేత, నీటిచేత, అగ్నిచేత, మరే ప్రమాదంచేతనైనా పోయినవారికి చతుర్దశి విశేషించి చెప్పినారు. ఏదీ తెలియనివారికి, ఏదీ కుదరనివారికి మహాలయ అమావాస్య ఉండనే ఉన్నది. ఆనాడు అందరికీ పెట్టవచ్చును.

దేహమే దొరకనప్పుడు ఏమిటి? కనబడకుండా పోయినవాని కోసం పన్నెండు సంవత్సరాలు వేచి చూడమని స్మృతికారులు చెప్పినారు. పోయినాడని నిశ్చయమైతే 360 మోదుగ ఆకులతో శరీరాకృతిని కూర్చి, దానికే దహనసంస్కారం చేయమన్నారు. ఇది పర్ణనర దహనం. శవం దొరకలేదు గనుక గతి లేదు అని ఏ స్మృతీ చేతులు దులుపుకోలేదు.

దివిసీమ అడిగిన ప్రశ్న

మన డెల్టాలో ఇది పుస్తకాలలోని ధర్మసందేహం కాదు. పింగళ నామ సంవత్సరం కార్తీక శుద్ధ పక్షంలో, 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేలమంది మరణించినారు. నాగాయలంక వైపు సొర్లగొంది వంటి ఊళ్ళలో ఇంటికి ఇల్లే తుడిచిపెట్టుకుపోయినది. ఎవరి దేహమో గుర్తించే వీలు లేక, గుర్తించేవారు కూడా మిగలక, పోలీసులు, సైనికులు, స్వచ్ఛంద సేవకులు కలిసి సామూహిక దహనాలు చేసినారు. చాలామంది దేహాలు దొరకనేలేదు.

కొడుకు తండ్రికి పిండం పెట్టాలంటారు. తండ్రి, కొడుకు, మనుమడు ఒకే రాత్రి పోతే పెట్టేది ఎవరు?

2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగినవి. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరం. ఆ పన్నెండు రోజులూ ఘాటులో కర్మలు చేయించే పురోహితులకు సహాయంగా నేను కూర్చున్నాను. ఒకనాడు దివిసీమ నుంచి ఒక గృహిణి తన కుమారునితో వచ్చినది. గతించిన భర్తకు పిండప్రదానం చేయించడం ఆమె వచ్చిన పని. అది పూర్తయిన తరువాత కూడా లేవలేదు. ఉప్పెన వచ్చిన రాత్రి తాను చిన్నపిల్ల అనీ, గుడివాడలో అమ్మమ్మ ఇంట ఉండడంవల్ల బ్రతికిపోయాననీ చెప్పినది. తల్లి, తండ్రి, నాయనమ్మ, ఇద్దరు అన్నలు, ఒక చెల్లెలు ఆ రాత్రి పోయినారు. ఒక్కరి దేహం కూడా దొరకలేదు. వంశంలో మగదిక్కు లేదు. ఆడపిల్లకు అధికారం లేదని అప్పట్లో ఎవరో చెబితే నమ్మి, ముప్ఫైతొమ్మిది సంవత్సరాలు ఊరుకున్నది. తరువాత ఆమె నన్ను అడిగిన మాట ఇది: "అయ్యవారూ, మావాళ్ళు ఇంకా దాహంతోనే ఉన్నారాండీ?"

ఆ మాటకు శాస్త్రం ఏమి సమాధానం చెబుతుందో పాఠకులందరికీ తెలియవలసి ఉన్నది.

శాస్త్రం ఎవరినీ విడువలేదు

మొదటిది, అధికారం కొడుకుతో ఆగిపోదు. ధర్మనిబంధకారులు కర్తల వరుసను చాలా పొడవుగా చెప్పినారు. కొడుకు, మనుమడు, మునిమనుమడు, దత్తుడు, భార్య, కుమార్తె, దౌహిత్రుడు, సోదరుడు, జ్ఞాతి, ఇలా సాగి శిష్యుడు, మిత్రుడు వరకు వస్తుంది. గ్రంథాలను బట్టి వరుసలో కొద్ది తేడాలున్నా, భార్యను, కుమార్తెను ఆ వరుసలోనే చేర్చినారన్నది గమనించవలసిన విషయం. ఎవరూ లేకపోతే రాజు చేయించాలన్నారు. 1977లో దివిసీమలో చితులు పేర్చిన సైనికుడు, సేవకుడు తెలిసో తెలియకో ఆ చివరి ధర్మాన్నే నెరవేర్చినారు.

రెండవది, దౌహిత్రుని స్థానం. కుమార్తె కుమారుడు, నువ్వులు, మధ్యాహ్నవేళ అయిన కుతపకాలం, ఈ మూడూ శ్రాద్ధంలో పరమ పవిత్రమని మనువు చెప్పినాడు. తండ్రి జీవించి ఉన్న దౌహిత్రుడు సైతం ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు, అంటే మహాలయం ముగిసిన మరునాడే, మాతామహునికి శ్రాద్ధం పెట్టవచ్చును. ఆడపిల్లలే గల తల్లిదండ్రుల కోసం శాస్త్రం ఒక ప్రత్యేక దినాన్నే ఏర్పరచినది.

మూడవది, కారుణ్య పితరులు. మహాలయంలో తర్పణం మూడు తరాలకే పరిమితం కాదు. పెదతండ్రి, పినతండ్రి, మేనమామ, మేనత్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అత్తమామలు, గురువు, స్నేహితుడు, ఇలా మన మీద కరుణ చూపినవారికి, మన కరుణ అవసరమైనవారికి పేరుపేరునా తిలోదకం ఇస్తారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవడం ఆచారం. పేరు తెలియకపోతే బాంధవ్యం చెప్పినా సరిపోతుంది.

నాలుగవది, తర్పణం ముగింపు. ఇది చాలామంది తొందరలో గమనించని భాగం. దక్షిణాభిముఖంగా కూర్చుని, యజ్ఞోపవీతం అపసవ్యం చేసి, బొటనవేలికి చూపుడువేలికి నడుమనుండే పితృతీర్థం మీదుగా తనవారందరికీ నీళ్ళు వదిలిన తరువాత, కర్త ఇంకా ముందుకు పోతాడు. తల్లి లేనివారు, తండ్రి లేనివారు, బంధువులు లేనివారు, దహనసంస్కారం జరిగినవారు, జరగనివారు, గర్భంలోనే పోయినవారు, బ్రహ్మ మొదలు గడ్డిపరక వరకు గల సమస్త ప్రాణులు తృప్తి పొందాలని సంకల్పించి నీరు వదలుతాడు. చిట్టచివర తాను స్నానం చేసిన తడివస్త్రాన్ని గట్టు మీద పిండుతాడు. ఆ పిండిన నీరు తన కులంలో పుట్టి సంతానం లేకుండా పోయినవారికి. కర్మలో ఇంకేమీ మిగలని చోట, ఒంటి మీది తడిగుడ్డలో మిగిలిన నీటిలో సైతం, దిక్కులేనివారికి భాగం ఉంచినారు మన పెద్దలు.

అయిదవది, భీష్మ తర్పణం. భీష్ముడు తండ్రి కోసం బ్రహ్మచర్యం పట్టినాడు. ఆయనకు కొడుకులు లేరు. అందుకే మాఘ శుద్ధ అష్టమినాడు ఆయనకు అందరూ తర్పణం ఇస్తారు. సాధారణ పితృతర్పణానికి అధికారం లేని జీవత్పితృకులు, అనగా తండ్రి జీవించి ఉన్నవారు సైతం, ఆనాడు భీష్మునికి నీరు వదలవచ్చును. సంతానం లేని ఒక్కనికి లోకమంతా సంతానమైన దినం అది.

ఆ గృహిణికి ఈ మాటలే చెప్పినాను. ఆమె కుమారుడు అప్పటికే దర్భపవిత్రం ధరించి ఉన్నాడు. మాతామహునికి, మాతామహికి, మాతామహుని తల్లికి, ఇద్దరు మేనమామలకు, పినతల్లికి నీళ్ళు వదిలినాడు. ఒక్కొక్కరి పేరు ఆమె చెప్పినది. చెల్లెలికి ఇంట్లో పిలిచే ముద్దుపేరు తప్ప మరొక పేరు జ్ఞాపకం లేదు. ఆ పేరుతోనే ఇవ్వమన్నాము. కుమారుని దోసిట్లో నీళ్ళు పోసినది ఆమే.

డెల్టా ఇళ్ళలో పెద్దలు

మంత్రపూర్వకమైన కర్మ అన్ని ఇళ్ళలోనూ ఒకే తీరుగా ఉండదు. మన ప్రాంతంలో ఆపస్తంబ సూత్రం అనుసరించే ఇళ్ళు ఉన్నవి. చిన్నకర్మ, పెద్దకర్మ అని తమ కులాచారం ప్రకారం జరిపే ఇళ్ళు ఉన్నవి. దహనం చేసేవారు, సమాధి చేసేవారు కూడా ఉన్నారు. పిండం కాకి ముట్టేవరకు ఎదురుచూడడం అందరికీ తెలిసినదే. సంక్రాంతినాడు కొత్తబియ్యం వండి, కొత్తబట్టలు పెట్టి, గుమ్మడికాయ దానమిచ్చి పెద్దలను తలచుకోవడం డెల్టా పల్లెలలో నేటికీ ఉన్నది. సంక్రాంతిని పెద్దపండుగ అనడం వింటూనే ఉన్నాము. ఆనాడు పెద్దలు ఇంటికి వస్తారని ముసలమ్మలు పిల్లలకు చెబుతారు. మాఘ పూర్ణిమనాడు కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో వేలమంది స్నానం చేసి వేణుగోపాలస్వామిని దర్శిస్తారు. అక్కడికి వెళ్ళే భక్తులకు నా మనవి: ఆ ఒడ్డున తమవారికి నీళ్ళు వదిలిన తరువాత దివిసీమ ఉప్పెనలో పోయినవారిని తలచి ఒక్క దోసెడు నీళ్ళు విడిచిపెట్టండి.

పోయినవారిని గౌరవించడం ఈ నేలకు కొత్త కాదు, ఏ ఒక్క మతానికో పరిమితం కూడా కాదు. రెండువేల సంవత్సరాల క్రిందటనే డెల్టాలోని భట్టిప్రోలులో బుద్ధుని ధాతువులను కరండాలలో ఉంచి స్తూపం కట్టినారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలలో అవి బయటపడినప్పుడు, వాటిపై దానం చేసినవారి పేర్లు కూడా కనబడినవి. మన ఇరుగుపొరుగు ముస్లిములు షబేబరాత్ రాత్రి సమాధులను దర్శిస్తారు. క్రైస్తవులు సమాధులను శుభ్రపరచి పూలు, కొవ్వొత్తులు ఉంచుతారు. జపానువారు బోన్ పండుగలో దీపాలు వెలిగించి పెద్దలను ఇంటికి ఆహ్వానిస్తారు. విధానాలు వేరైనా, వెళ్ళినవారితో బంధం తెగలేదన్న నమ్మకం అంతటా ఒకటే.

ధనం లేనివారు, భయపడేవారు

అన్నశ్రాద్ధం పెట్టే శక్తి లేకపోతే బియ్యం, పప్పు, కూరలతో ఆమశ్రాద్ధం చేయవచ్చును. అదీ కుదరకపోతే కొద్ది ద్రవ్యంతో హిరణ్యశ్రాద్ధం చేయవచ్చును. అదీ లేకపోతే నువ్వులు కలిపిన నీరు, అదీ లేకపోతే ఆవుకు పిడికెడు గడ్డి. ఏమీ లేనివాడు ఏకాంత ప్రదేశానికి పోయి రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, ధాన్యం లేదు, భక్తి మాత్రమే ఉన్నది, దానితోనే తృప్తి పొందండి అని పితరులకు చెప్పుకుంటే చాలునని విష్ణుపురాణం అనుమతించినది. ఇంతకంటే దయగల విధి మరొకటి ఉంటుందా?

అందువల్ల పితృదోషం, పితృశాపం అని భయపెట్టి వేలు, లక్షలు ఖర్చు చేయించేవారి మాటలకు లొంగవద్దు. దుర్మరణం పొందినవారికి నారాయణబలి వంటి విధులు శాస్త్రంలో ఉన్నమాట నిజమే. వాటిని శక్తి ఉన్నవారు, విశ్వాసం ఉన్నవారు చేసుకోవచ్చును. అప్పుచేసి చేయవలసిన అవసరం లేదు. మనలను ఎత్తుకుని పెంచినవారు మరణించగానే మనకు శత్రువులవుతారని అనుకోవడం వారిని అవమానించడమే.

యాత్రికులు, దాతలు చేయదగినవి

కర్మకు వచ్చేముందు పెద్దలను అడిగి మూడు తరాల పేర్లు, గోత్రం, తెలిసినంతవరకు తిథులు రాసుకుని రండి. ఆ కాగితం పిల్లలకు ఇచ్చి భద్రపరచండి. పేరు మిగిలి ఉన్నంతకాలం తర్పణం మిగిలి ఉంటుంది. ఉపనయనం లేనివారు, మంత్రం రానివారు సంకోచించవద్దు. పేరు చెప్పి, నమస్కరించి నీళ్ళు వదిలితే చాలును.

మీ కుటుంబంలో పెళ్ళికాకుండా పోయినవారు, పిల్లలు లేక పోయినవారు, చిన్నతనంలో పోయినవారు ఉంటారు. వారి పేర్లు ఎవరి కాగితంలోనూ ఉండవు. ఈ మహాలయంలో ముందుగా వారిని చేర్చండి.

పాతబట్టలు, ప్లాస్టిక్ సంచులు, పటాలు నదిలో విడవవద్దు. నదిలో బట్ట వదలమని ఏ కర్మవిధిలోనూ లేదు. పిండిన బట్టను ఇంటికి తీసుకుపోవడమే పద్ధతి. ఇక్కడి నీటిని దిగువన పల్లెలు త్రాగుతాయి. పితరులకు ఇచ్చే నీటిని ముందు మనమే పాడుచేయడం తగదు.

శక్తి ఉన్న దాతలకు ఒక మనవి. తద్దినం నాటి అన్నదానం ఎంతో మంచిది. దానితోపాటు దిక్కులేని మృతుల అంత్యక్రియలకు కట్టెలు, వస్త్రం, ఇతర ఖర్చులు ఇవ్వడం కూడా పితృకార్యమే. అనాథప్రేత సంస్కారం గొప్ప యాగంతో సమానమని మన పెద్దలు చెబుతూ వచ్చినారు. ఆసుపత్రులలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, రోడ్ల పక్కన పేరు తెలియకుండా పోయేవారు ప్రతి నగరంలోనూ ఉంటారు. వారికి ఎవరో ఒకరు కొడుకు కావాలి.

తనవారికి నీళ్ళు వదిలితే ఋణం తీరుతుంది. ఎవరూ లేనివారికి కూడా వదిలితే ధర్మం నిలుస్తుంది. ఈ మహాలయ పక్షంలో కృష్ణవేణి ఒడ్డుకు వచ్చే ప్రతివారూ తర్పణం పూర్తికాగానే లేచిపోకుండా, చివరి ఆ తడివస్త్రాన్ని శ్రద్ధగా పిండి రావలసినదిగా కోరుతున్నాను. కనకదుర్గాంబ అందరినీ చల్లగా చూచుగాక.

స్వస్తి.